ఇద్దరికీ ఒకటే కొలత

సరూర్‌నగర్

ప్రియమైన యాదక్కకు,

చెల్లెలు విజయశ్రీ నమస్కారాలు. ఇక్కడ నేను, మా ఆయన, మా బాబు కార్తీక్ బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయడం అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికే భయంగా ఉంది.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. కార్తీక్ చైతన్యపురి కోచింగుకు నడిచే పోతున్నాడు, తిండికి డబ్బా కట్టిస్తున్నాను. కిరాయి ఇల్లు మారలేదు. ప్రసన్న చీరల ఫంక్షన్‌కు లంగా ఓణీ కుట్టేశాను. పొడవు కొంచెం ఎక్కువే పెట్టాను, నీ బిడ్డ ఎదుగుడు ఆపేటట్టు లేదు కదా!

ఇక నీ పట్టు జాకెట్టు. తిప్పి పంపుతూ నువ్వు పెట్టిన చీటీ చదివి మా ఆయన పడీ పడీ నవ్వాడు. "పట్నం పోయి కత్తెర పట్టుడు మర్శినవా ఏందే? ఒళ్లంత గోనెసంచి లెక్క ఉన్నది. కుడి చంక కింద మాత్రం పట్టేస్తున్నది. గాడ జర వదిలి, మిగతాది లోపలికి గుంజు" అని రాశావు. ఫోన్లో నేనూ నవ్వాను. కత్తిరించడంలో నేనే తప్పు చేశానన్నాను.

అది అబద్ధం అక్కా.

చిన్నప్పటి నుంచి మనిద్దరికీ ఒకటే కొలత. నిన్నెప్పుడూ కొలత జాకెట్టు పంపమని అడగలేదు, నా ఒంటి మీద వేసి చూసుకునే పంపేదాన్ని. దీన్నీ అట్లాగే చూశాను. పంపే ముందు నాకు సరిపోయింది, తిరిగి వచ్చాకా సరిపోయింది. నా కత్తెర తప్పలేదు, నువ్వే తగ్గిపోయావు. ఒళ్లంతా తగ్గిన మనిషికి ఒక్క చంక కిందే ఎందుకు పట్టేస్తుంది? అమ్మ కూడా తాను పోయే ముందు "ఎండలకు తగ్గిన బిడ్డా, ఏం లేదు" అనే అన్నది. మనం నమ్మాం.

మా పై పోర్షన్‌లో శేషారత్నం గారని గుంటూరు వైపు నర్సు ఉంటారు. నీ పేరు చెప్పకుండా అడిగాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టేశారు. "ఎవరికండీ? గడ్డేమైనా తగులుతోందా? నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు, అక్కడే వస్తుందండీ చిక్కు. అన్నీ అదే కానక్కర్లేదు, కానీ ఆలస్యం చెయ్యకుండా చూపించండి" అన్నారు. కానక్కర్లేదన్న మాట ఒక్కటే నా చెవికెక్కలేదు.

ఫోన్లో చెబితే నువ్వు స్పీకరు పెడతావు, బావా ప్రసన్నా వింటారు. అందుకే లంగా ఓణీ పొట్లంలో ఈ కాగితం పెట్టి మన ఊరి లింగస్వామి చేతికి ఇస్తున్నాను. "ఫంక్షన్ అయినంక చూద్దాం తియ్" అంటావని తెలుసు. అనకు, నీ కాళ్లు మొక్కుతా. చంక కింద చెయ్యి పెట్టి చూసుకో. ఏదైనా తగిలినా, తగలకపోయినా సోమవారం పొద్దుటి బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగు. నేను అక్కడే నిలబడి ఉంటాను. బావకు జాకెట్టు కొలతకని చెప్పు, అబద్ధమేమీ కాదు.

నువ్వు చెప్పినట్టు పక్కలు గుంజుదామని మిషన్ ముందు కూర్చున్నాను. కాలు ఆడలేదు. కుట్టు నేర్చుకున్న నాటి నుంచి మొదటిసారి, నీ కొలత ఎంతో నాకు తెలియలేదు అక్కా.

ఇట్లు,
నీ కోసం బస్టాపులో ఎదురుచూసే చెల్లె,
విజయ