ఎర్రపట్టీ, పసుపుపట్టీ

జూలై 23, బుధవారం. ఉదయం 6.10

ఇక చాలు. కామేశం గారి స్టూడియోలో నాలుగేళ్ళుగా లైటు పట్టుకుంటున్నాను. నిన్న మాధవరంలో ఎవరి పిల్లదో పుట్టినరోజు. అంతమంది ముందు ఆయన అరిచారు: "ఒరే వెంకట్రామ్, లైటు ఎత్తరా. నిలబడే నిద్రపోతాండావా?"

ఆయన తీసే ఫోటోలకంటే నేను వీడియోలు చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

నిన్న సాయంత్రమే జెబకుమార్ వచ్చాడు. బడిలో నా పక్కన కూర్చున్నవాడు. ఇప్పుడు పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. చెల్లెలు షీబా పెళ్ళి ఆగస్టు 13న, చర్చిలో. ఫోటోలు నన్నే తియ్యమన్నాడు. కెమెరా మాత్రం నా సొంతమై ఉండాలట. నా మొదటి ఆర్డరు!

చీటీ డబ్బు చేతిలో ఉంది. మౌంట్ రోడ్డులో ఒక అంగడి. షోకేసులో రెండు ఎస్‌ఎల్‌ఆర్‌లు. ఒకదానికి ఎర్రపట్టీ, ఒకదానికి పసుపుపట్టీ. ధర దాదాపు ఒకటే.

తీర్మానం: ఏడు రోజుల్లో ఒకటి కొనాలి. నేను నాన్చే రకం కాదు.

జూలై 25, శుక్రవారం

ఎర్రపట్టీ. ఖాయం.

అమ్మ అడ్డం పడింది. ఆషాఢంలో కొత్త వస్తువు వద్దంటే ఆగాను. అది నిన్నటితో పోయింది. ఇవాళ శ్రావణం వచ్చిందంటే, తమిళ ఆడి నెల ఇంకా నడుస్తోందట, ఆగస్టు 16 దాకా. ఆడి మనకెందుకన్నాను.

"మనం తెలుగోళ్ళమే నాయనా. అంగడి తమిళోళ్ళది గదా."

దీనికి జవాబు ఏ వీడియోలోనూ లేదు. ఆ అంగడివాడేమో ఆడి తగ్గింపు అని బ్యానరు కట్టి మరీ అమ్ముకుంటున్నాడు!

నాకు ఈ నెలల మీద నమ్మకం లేదు. సోమవారం కొంటాను.

జూలై 30, బుధవారం

గడువు ఇవాళ్టితో సరి. అయితే శ్రావణం నుంచి లెక్కపెడితే ఇంకా టైముంది. అలాగే లెక్కపెట్టాలి.

ఎర్రపట్టీ: ముఖం రంగు చక్కగా వస్తుంది. బ్యాటరీ తొందరగా దిగుతుంది.
పసుపుపట్టీ: వెలుతురు తక్కువైనా పనిచేస్తుంది. బరువు. (నాలుగేళ్ళు లైటు మోసినవాడికి బరువొక లెక్కా?)

పదకొండు పేజీలు రాశాను. మార్కులు కూడాను. 47, 47.

ఆగస్టు 3, ఆదివారం. మధ్యాహ్నం 3.00

అంగడికి వెళ్ళాను. రెండు కెమెరాలతోనూ అక్కడి ఫ్యానునే 214 సార్లు తీశాను. సేల్స్‌మన్ ఏళుమలై రెండూ మంచివే, దేనికి బిల్లు వెయ్యమంటారని తమిళంలో అడిగాడు. రెండూ మంచివైతే రెండెందుకు తయారుచేశారని అడిగాను. టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

తెలియనివాళ్ళను అంగట్లో పెడితే ఇంతే.

ఆగస్టు 8, శుక్రవారం

జెబకుమార్ టీకొట్టుకు పిలిచాడు. కొన్నావా లేదా అన్నాడు. మొదటి నుంచి చెప్పాను. బ్యాటరీ, బరువు, 47, 47, ఆడి నెల. వాడు గ్లాసు కింద పెట్టేదాకా విన్నాడు.

"మా షీబా పెండ్లికొడుకునే పది నిమిషాలు చూసి సరే అనింది గదరా మచ్చా."

ఇనుము అతికించేవాడికి లెన్సు గురించి ఏం తెలుస్తుంది?

ఆగస్టు 12, మంగళవారం

రేపు పెరంబూరు చర్చిలో పెళ్ళి ఆర్డరు ఉంది, లైటు సర్దుకోమన్నారు కామేశం గారు. ఎవరి పెళ్ళని నేను అడగలేదు.

ఇంకా ఒక సాయంత్రం ఉంది! ఆడి లేదు, గీడి లేదు. పరుగున అంగడికి వెళ్ళాను. ఎర్రపట్టీ అమ్ముడుపోయింది. మిగిలింది పసుపుపట్టీ ఒక్కటే. కష్టం తీరిపోయినట్టే కదా? తీరలేదు. ముందు అమ్ముడుపోయిందంటే అదే మంచిదన్నమాట. రెండోరకం సరుకు నేనెందుకు కొనాలి?

తిరిగొచ్చాను. లైటు సర్దుకున్నాను.

ఆగస్టు 13, బుధవారం

కామేశం గారి కెమెరా నాకంటే పాతదిలా ఉంది. మూతను రబ్బరుబ్యాండుతో బిగించారు. దాని మీది అక్షరాలన్నీ అరిగిపోయాయి.

ప్రమాణాలకు ముందు ఆయనకు దగ్గు తెర వచ్చింది. కెమెరా నా చేతిలో పెట్టి, "నువ్వు తియ్యిరా" అని బయటికి నడిచారు.

అప్పుడే షీబా నాన్న పాల్‌రాజ్ గారు కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెడుతున్నారు. ఆయన గడ్డం వణుకుతోంది.

నేను కెమెరాను తిరగేసి, అడుగున మోడల్ నంబరు ఉందేమోనని చూశాను.

తలెత్తేసరికి ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. జెబకుమార్ నా వైపే చూస్తున్నాడు.

కామేశం గారు వచ్చారు. కెమెరాలో చూశారు. ఈసారి అరవలేదు. లైటు అందించారు.

ఆగస్టు 17, ఆదివారం. సాయంత్రం 6.10

ఆడి పోయింది. తగ్గింపూ పోయింది.

జెబకుమార్ పెళ్ళి కేకు తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫోటోలన్నీ బాగున్నాయట. "నాయన చెయ్యి పట్టిచ్చింది ఒక్కటే లేదు. ఆయన రెండుసార్లు అడిగినాడు." "షీబా బిడ్డ బాప్తిస్మానికన్నా కొంటావా?" అన్నాడు. నవ్వలేదు. జవాబు కోసమూ ఆగలేదు.

కేకు తినలేకపోయాను.

అయినా దాన్ని ఎగతాళి అనుకోను. ఆర్డరు అనే అనుకుంటాను. తక్కువలో తక్కువ పది నెలలుంది. పాల్‌రాజ్ గారు మనవణ్ణి ఎత్తుకునే ఫోటో నేనే తియ్యాలి. తీర్మానం: ఏడు రోజుల్లో కెమెరా. ఖాయం.

అంగడి తెరవగానే ఫోన్ చేశాను. ఎర్రపట్టీ మళ్ళీ వచ్చిందట. పసుపుపట్టీ అలాగే ఉందట. కొత్తగా నీలంపట్టీ ఒకటి దిగిందట.

కొత్త పేజీ తీసి, స్కేలు పెట్టి మూడు భాగాలుగా గీశాను.