కాలు దాటిన మందు

భైంసా, 3 జూలై 1987, శుక్రవారం

ఉదయం నుంచి ముసురు. బావి గిరకకు నూనె వేశాను.

నిన్న బొంబాయి నుంచి వచ్చాను. అరికాలి నల్లమచ్చ క్యాన్సర్ అన్నారు. తొడ దగ్గర రక్తనాళాలు బిగించి, కాలిలోని రక్తాన్ని పంపుతో తిప్పుతూ వేడి చేసి, మందు కలిపారు. మందు కాలు దాటదన్నారు. కొంత దాటింది. రక్తంలో తెల్ల కణాలు పడిపోతాయట. పచ్చివి తినొద్దు, మనుషుల్లో కలవొద్దు, జ్వరం వస్తే ఆ పూటే పెద్దాసుపత్రికి పోవాలి అని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. తలూపాను.

5 జూలై

ఎండ. అంగీలు ఉతికాను. నోట్లో పుళ్లు. దువ్వెన నిండా వెంట్రుకలు. కాలు బాగుంది. కాలు తప్ప నేనంతా పేషెంటునే.

6 జూలై

గడప దగ్గర ఎవరి చెప్పులూ లేవు.

8 జూలై

మబ్బు. లాంతరు చిమ్నీ తుడిచాను.

సాయంత్రం పక్క వాడ నుంచి అక్క జానకీబాయి వచ్చింది. బయటే ఉండమన్నాను. తోడవుట్టినదాన్ని గడపల నిలవెడ్తవా అని లోపలికే వచ్చింది. బొంబాయోళ్లు నీ కాలును చాయ లెక్క మరగవెట్టిండ్రు, వేడి చెయ్యకుంటే ఏం జేస్తది తమ్మీ అంది. నవ్వొచ్చింది. నోరు మండింది. చలువ చేస్తదని చల్ల, తరిగిన కీరదోసకాయ తెచ్చింది. నేను గూడ తింట, కూసో అంది.

పచ్చిది. డాక్టర్ మాట గుర్తుంది. ఒకే పళ్లెంలో తిన్నాం. బొంబాయి పోయిన తర్వాత ఒకరితో కలిసి తినడం ఇదే మొదలు.

10 జూలై, మధ్యాహ్నం

వాన. చల్లకుండ కడిగాను. ఒళ్లు కాలుతోంది. అక్క నుదురు పట్టి చూసి, జరం గాదు తమ్మీ, కాలు వేడి పైకెక్కింది, సబ్జ నీళ్లు తాగు, ఫికర్ జెయ్యకు అంది. అవునన్నాను. డాక్టర్ సంగతి చెప్పలేదు.

జ్వరమైతే ఆస్పత్రి. వేరే గది, మూసిన తలుపు. వేడి అయితే రేపు కూడా అక్క వస్తుంది.

11 జూలై

వేడి.

12 జూలై, ఉదయం

వాన వెలిసింది. వణుకు. పెన్ను నిలవడం లేదు.

అక్క కీరదోసకాయ తరుగుతోంది. జ్వరం అన్నాను. వేడి గదా అంది. కాదు, జ్వరం అన్నాను. డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. ముందుగాల్ల చెప్పద్దారా అని, కత్తిపీట అక్కడే వదిలి, ఏడ్చుకుంటూ జీపు కోసం పోయింది. ముక్కలు పళ్లెంలో ఉన్నాయి, ఇద్దరికీ సరిపడా.

పొద్దున అక్క నీళ్లు చేదుతుంటే గిరక మళ్లీ కిర్రుమంది. నూనె సీసా ఇక్కడే ఉంది. జీపు వచ్చేలోగా గిరకకు రెండు చుక్కలు వేసి—