నూట ఇరవై బై ఎనభై

అల్ఫారెట్టా, అమెరికా, ఫిబ్రవరి 19

విమలక్కా, ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. వాట్సాప్‌లో పెడితే చదివి డిలీట్ చేస్తావని కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మాన్ చదివితే చదవనీ.

పల్లెల్లో కాన్పు మరణాలమీద మా ఆఫీసు చేస్తున్న స్టడీకి మన జిల్లా సబ్‌సెంటర్లలో మీ నర్సులు రాసే రిజిస్టర్లు స్కానయి వచ్చాయి. మంగళవారం మీటింగ్‌లో ఒక పేజీ తెరమీద వేశారు. ముప్ఫైమంది గర్భిణులు, అందరి బీపీ నూట ఇరవై బై ఎనభై. గదంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎనిమిదిని ఒకదానిమీద ఒకటి రెండు సున్నాలుగా పేర్చేది నువ్వే. చివరి వరసలోనూ అదే బీపీ, దాని పక్కన "ఫిట్స్ వచ్చి మృతి" అని నీ చేత్తోనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగితే వచ్చే ఫిట్స్ అవి.

"డేటా ఫేక్, ఈ సెంటర్‌ని డ్రాప్ చేసేద్దాం" అంది మా లీడ్ దేదీప్య. డ్రాప్ చేస్తే చచ్చిపోయిన ఆ పిల్ల కూడా లెక్కలోంచి పోతుంది. నీ ఉద్యోగం పోతుందని భయపడి నేను నోరు విప్పలేదు.

బీపీ మిషన్ పాడై ఏడాదైందనీ, గడి ఖాళీగా ఉంచితే డాక్టర్ తిడతాడనీ క్రిస్మస్‌కి నువ్వు ఫోన్‌లో చెప్పావు. ఆ రోజు నేనూ నవ్వాను. కొత్త మిషన్ ఎవరిని, ఎన్నిసార్లు అడిగావో కాగితంమీద రాసి ఫోటో పంపు. అది చూపించి ఆ సెంటర్‌ని ఉంచమంటాను.

గోంగూర పచ్చడి పంపకు, పోయినసారిది ఇంకా ఉంది. బావగారికి నా వందనాలు. మన కెజియాకి ఏడో నెల కదా, దేవుడు దాన్ని కాయాలి. నీ కూతురని నీ సెంటర్‌లోనే చూస్తున్నావట. దాని కార్డులో బీపీ ఎంతని రాశావక్కా?

నీ చెల్లి జెమీమా