నేనొచ్చేదాకా కంప్యూటర్ కట్టెయ్యకు

అక్కా,

నువ్వు కోపంతో ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. నిన్న నీ కంప్యూటర్ శుభ్రం చేశానని గొప్పలు పోయాను కదా, అందులో చిన్న పొరపాటు జరిగింది. నీ ఇరవై ఏళ్ల ఎంబ్రాయిడరీ డిజైన్లు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయని మురిసిపోకు. బాణం గుర్తున్న ఆ బొమ్మ దారి చూపే లింకు మాత్రమే. అసలు డిజైన్లను టెంపరరీ ఫోల్డర్‌లో పడేసి మర్చిపోయాను. కంప్యూటర్ కట్టేసి మళ్లీ వేస్తే, నిన్న నేను పెట్టిన సెట్టింగు వల్ల ఆ ఫోల్డర్ దానంతటదే ఖాళీ అయిపోతుంది. సాయంత్రం వచ్చి సర్దేస్తాను. అందాకా నన్ను ఎంతైనా తిట్టుకో, దాన్ని మాత్రం కట్టెయ్యకు.

ఉత్తరం బావ చేత పంపుతున్నా. సంగతి చెప్పలేదు, చెబితే నెల్లాళ్లు నవ్వుతాడు.

నీ తెలివైన తమ్ముడు

అన్నట్టు, ఇంట్లో అడుగుపెట్టగానే కనిపించిన స్విచ్చల్లా కట్టేసే అలవాటు బావది. ఉత్తరం తర్వాత చదువుదువుగాని, ముందు ఆయన ఏ గదిలో ఉన్నాడో చూడు!