పలకని వాడు

ఇబ్రహీంపట్నం,
జూన్ 4.

ప్రియమైన అక్కా,

బస్సు పార్శిల్లో నీ జాంబీ నవల అందింది, నాలుగు నోటు పుస్తకాలూ. వరదొచ్చి వెళ్లిన తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా నా ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు మాత్రం "చదవదగ్గదో కాదో చెప్పు, ప్రెస్సుకి ఇస్తాను" అని చీటీ. చెప్తున్నా. దండగ.

సింగ్‌నగర్‌లో శవాలు తిరుగుతున్నాయి, జనం డాబాలెక్కారు, సరే. పదో రోజుక్కూడా బల్బులు ఎలా వెలుగుతున్నాయి? మా కరెంటు ప్లాంట్‌లో బొగ్గు బెల్టు దగ్గర ఎవడున్నాడు, నీ జాంబీలా? వాళ్లకైనా ఓవర్‌టైం డబ్బులు ఇస్తున్నారా? వరసగా రెండు షిఫ్టులు చేసి, కళ్లల్లో బొగ్గుపొడితో చదివాను ఇది. డాబా మీంచి పేరు పెట్టి పిలవడం, పలికితే మనిషి, పలక్కపోతే శవం అనుకోవడం, అదొక్కటి బాగుంది. మిగతాదానికి కాగితం ఖర్చు చెయ్యకు.

అమ్మకి బాగానే ఉన్నానని చెప్పు.

నీ తమ్ముడు
జోయెల్

సింగ్‌నగర్,
జూన్ 9.

ప్రియమైన తమ్ముడూ,

కరెంటు తప్పు నాదే, తీసేస్తాను. నువ్వు మూడు పుస్తకాల గురించే రాశావు. నాలుగోది తెరవనే లేదు కదూ? రోజంతా మిషన్ కుట్టి, నడుం పడిపోయాక రాసుకున్నాన్రా అది. నాకూ ఓపిక లేదు, మళ్లీ అడగను. చదివి చెప్పు.

అక్క
బ్లెస్సీ

ఇబ్రహీంపట్నం,
జూన్ 15.

అక్కా,

నాలుగోది చదివాను. ఫ్లైఓవర్ మీద నీలం చొక్కా తమ్ముడు. అక్క డాబా మీంచి మూడుసార్లు పిలిచింది, వాడు పలకలేదు. "పాపం, చచ్చిపోయాడు" అని రాసి వాణ్ణి శవాల్లో కలిపేశావు.

వాడు చావలేదు. ఆ నీలం చొక్కా నాదే. వరద రెండో రోజు డ్యూటీలో ఉన్నానని మీకు చెప్పింది అబద్ధం. ఫ్లైఓవర్ దాకా వచ్చాను. నీ పిలుపు విన్నాను. పడవతను "పీకల్లోతు నీళ్లున్నాయి, దిగి నెట్టే మనిషి కావాలి, ఆ డాబా తాలూకు ఎవరన్నా ఉన్నారా?" అని అరుస్తున్నాడు. నాకు ఈత రాదు. పలికితే దిగాలి. తల తిప్పుకుని వెళ్లిపోయాను. నువ్వూ అమ్మా ఇంకో రెండు రోజులు వాననీళ్లు తాగి బతికారు.

శవానికి తప్పేముంటుంది? బతికుండీ పలకలేదని రాయి. అప్పుడు అది చదవదగ్గ పుస్తకం.

జోయెల్

సింగ్‌నగర్,
జూన్ 20.

ప్రియమైన జోయెలూ,

ఆ రోజు అమ్మ నా పక్కనే ఉంది. "ఆ నీలం చొక్కా మనోడేనా?" అంది. "కాదమ్మా, ఎవరో" అన్నాను. అప్పట్నుంచీ ఆ అబద్ధం మోసుకు తిరుగుతున్నాను. నీతో మాట్లాడితే ఎక్కడ బయటపడుతుందోనని ఫోన్ ఎత్తలేదు. చచ్చావని రాసుకుంటే కోపం పోతుందనుకున్నాను. పోలేదు. నీ ఉత్తరం చూశాక కూడా పూర్తిగా పోలేదు.

నాలుగో పుస్తకం నీ దగ్గరే ఉందిగా, నువ్వు చచ్చావని రాసిన ఆ చివరి ఆరు పేజీలు చింపెయ్. ప్రెస్సు సంగతి తర్వాత. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా. అమ్మకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను. డాబా మీద నించుంటాను. నువ్వు ఫ్లైఓవర్ దిగగానే పిలుస్తాను.

పలుకు.

అక్క
బ్లెస్సీ