జ్ఞానతల్లిగారి ఇంజను

చల్యపాత,
మంగళవారం

ఇలారియా వదినగారికి కసిమీరో నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం, బస్సు క్షేమం కాదు. ఒరూరోలో మాత గుడి ముందు ఫాదర్‌గారు తీర్థం చల్లగా, మీరు దండలు వేసి, రంగు కాగితాలు జల్లి, ఆచారం ప్రకారం బండి మీద బీరు పోసి, మన బస్సును బిడ్డగా స్వీకరించి దానికి జ్ఞానతల్లి అయి నెలైనా తిరగలేదు. నిన్న ఊరి బయట ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ముప్ఫైమంది ప్రయాణికుల చేత నెట్టించి మెకానిక్ లీనో షెడ్డుకు చేర్చాను. రిపేరు పెట్టుకోను. లారీ నుంచి తీసిన వేరే ఇంజను ఒకటుంది, అది పెట్టించేస్తాను. మీరేమీ పట్టించుకోకండి.

మీ మరిది,
కసిమీరో

తా.క.: బస్సులో రెండు గొర్రెలు కూడా ఉన్నాయి. అవి నెట్టలేదు. వాటి యజమానీ నెట్టలేదు.

ఒరూరో సంత,
బుధవారం

కసిమీరోకు ఇలారియా దీవెనలు.

పట్టించుకోవద్దా? బిడ్డకు జబ్బు చేస్తే గుండె తీసి పారేస్తావా? కొత్త ఇంజనంటే కొత్త దీవెన. కొత్త దీవెనంటే కొత్త జ్ఞానతల్లి. ఎవరు కాచుకు కూర్చున్నారో నాకు తెలీదనుకున్నావా? చేపల బాసిలియా! నాకు పిల్లల్లేరు నాయనా. ఇరవై ఏళ్లుగా దుంపలమ్ముతూ ఊళ్లోవాళ్ల పిల్లల్ని ముద్దు చేశాను. మా బిడ్డ అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ బస్సొక్కటే. రిపేరు చేయించు.

ఇలారియా

తా.క.: ఎండు దుంపల బస్తా పంపాను. సగం లీనోకి. సగం బస్సులో పెట్టు, వాసన చూసి తల్లిని గుర్తుపడుతుంది.

చల్యపాత,
గురువారం ఉదయం

వదినగారికి,

ఇంజను విప్పకూడదు. ఎందుకని అడగొద్దు, మీ మంచికే చెబుతున్నాను. బాసిలియాగారికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆవిడ ఈ దారిన పోతూ వేయించిన చేపలిచ్చారు, ఆకలేసి తిన్నాను. మీరు మాత్రం ఇటు రాకండి.

మీ మరిది,
కసిమీరో

తా.క.: నాలుగు చేపలే.

ఒరూరో,
గురువారం సాయంత్రం

శ్రీ కసిమీరోగారికి,

చేపలు అరిగాయా అండీ? మీ డ్రైవర్ల సంఘం అధ్యక్షుడితో మాట్లాడాను. రేపు సంఘం పెద్దలంతా వచ్చి కూర్చుంటారు, వాళ్ల ముందు ఇంజను విప్పాలి. అది బాగుపడదని లీనో ప్రమాణం చేసి చెబితే నేను తప్పుకుంటాను. నేను రాను. నలుగురిలో ఏడుపొస్తే బాగుండదు.

ఇప్పటివరకూ మీ బస్సు జ్ఞానతల్లి,
ఇలారియా

తా.క.: దుంపల బస్తా తిప్పి పంపండి. ఖాళీది కాదు.

చల్యపాత,
ఆదివారం

వదినా,

విప్పారు. అధ్యక్షుడు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. నూనెలో బీరు నురగ, రంగు కాగితం ముక్కలు, మీ దండలోని పూల రేకులు! లీనో మొదటిరోజే నూనె మూత తీసి నాకు చూపించాడు. దీవెననాడు సీసా ఎవరి చేతిలో ఉందో నాకు గుర్తే. సంతలో మీరు నవ్వులపాలు కాకూడదని చప్పుడు చేయకుండా మార్చేద్దామనుకున్నాను. పెద్దలడిగితే, తాగిన మత్తులో నేనే పోశానన్నాను. ఇప్పుడు నేను వీళ్లందరికీ బీరు కసిమీరోని. పోనీలెండి. లీనో అంతా కడిగి, బేరింగులు మార్చాడు. మీ బిడ్డ బతికింది. ఇవాళ కొండదారి ఎక్కేసింది కూడా.

కసిమీరో

తా.క.: ఎక్కేటప్పుడు ఒకసారి తేన్చింది.

ఒరూరో,
బుధవారం

నాయనా కసిమీరో,

నీ ఉత్తరం చదివాను. నిన్నెన్ని మాటలన్నాను! విను, ఆ మూత తీసింది కూడా నేనే. ఫాదర్‌గారు పైపైన చల్లి వెళ్లిపోయారు, దీవెన లోపలికి అందలేదేమోనని మూడు సీసాలు పోశాను. నా తప్పు నీ నెత్తిన ఉంటే నాకు నిద్ర పడుతుందా? దుంపల బస్తా ఎక్కి నిలబడి, "పోసింది నేనే! మా కసిమీరోని ఎవరైనా ఏమైనా అన్నారో, చూస్కోండి!" అని సంతంతా వినేలా అరిచాను.

నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత డ్రైవర్లు ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చారు. మూడు సీసాలు తాగి కొండెక్కిన ఇంజనంటే, దీవించిన చెయ్యి మామూలుది కాదట! చీకటిపడేలోగా ఆరు బస్సులకూ ఒక పాల లారీకీ జ్ఞానతల్లిగా ఉండమని అడిగారు. అన్నిటికీ సరేనన్నాను. ఎనిమిదిమంది బిడ్డల తల్లిని, కసిమీరో! నా సంతోషం ఎవరితో చెప్పుకోను, నీతో కాక? ఆదివారం పెద్దబిడ్డను తీసుకుని రా, తమ్ముళ్లను చూస్తుంది.

మీ వదిన,
ఇలారియా

తా.క.: ఆరో బస్సు బాసిలియా మొగుడిది. ఆవిడ అప్పుడే నూనె మూతకు తాళం వేయించింది.