బుంగకి పిలక ఎలా వచ్చింది

పూజ్యులైన మామయ్యకి,

మేనకోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. అత్తయ్య మోకాలు నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఫోనులో చెబుదామంటే మీ చెవి "ఆఁ? ఏంటీ?" దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం. దీంతోపాటు ఒక పెట్టె వస్తుంది. అందులో మా ఆఫీసులో తయారవుతున్న వీడియో గేమ్ ఉంది, టీవీకి తగిలించి ఆడాలి. ఇద్దరు మనుషులు పదకొండు అంతస్తుల మేడ ఎక్కి పైనున్న గంట కొట్టాలి. కథ అంతే. రిమోటులు రెండు. ఒక్కరే ఆడినా రెండోవాడు తనంతట తానే వెంట వస్తాడు.

గేములంటే ఏమిటో తెలియనివాళ్ళ చేత ఆడించి, వాళ్ళ చేతిరాతతోనే అభిప్రాయం తెప్పించుకోవడం మా పెద్ద సారు పద్ధతి. పాత్రల గురించి ముందుగా ఒక్క ముక్క చెప్పకూడదట. వాళ్ళకింకా పేర్లు కూడా పెట్టలేదు. నలభై ఏళ్ళు పెయింటరు గారి నిచ్చెన పట్టుకుని ఎన్ని వందల బొమ్మలు చూశారో మీరు. మీ కంటి మీద నాకు గురి. ఉన్నదున్నట్టు రాయండి.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. టీవీ మీద కప్పిన గుడ్డ తీసి ఆడండి. ఆమధ్య రేడియో పంపితే దాని మీద దుప్పటి కప్పి ఆర్నెల్లు విన్నారు, గొంతు పెగలడం లేదని నాకు ఫిర్యాదు రాశారు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

మామయ్య ఆశీర్వదించి రాసేది. పెట్టె చేరింది. గుడ్డ తీశాను.

హీరో నాకు తెగ నచ్చాడు. పని తెలిసినవాడు, నెమ్మదస్తుడు, ఎంత బరువు మోసినా మొహం చిట్లించుకోడు. ఆ రెండోవాడితోనే చచ్చే చావుగా ఉంది. అడుగడుక్కీ పడతాడు. వాణ్ణి లేపడానికే హీరోకి సగం పొద్దు సరిపోతోంది. పైగా ఆ నోరొకటి. తలుపు తీసేముందు ఒక ఉపన్యాసం, తీశాక ఇంకొకటి. బ్రష్షు ఆడేటప్పుడు నోరు ఆడకూడదని మా పెయింటరు గారు అనేవారు. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు, అంత మంచి హీరో వీణ్ణి ఎందుకు వెంటేసుకున్నాడో నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
మామయ్య

తా.క. హీరోని నేను నడుపుతున్నాను, రెండోవాణ్ణి మీ అత్త నడుపుతోంది. వాడు పడ్డప్పుడల్లా నా వంక కొరకొరా చూస్తోంది.

*

పూజ్యులైన మామయ్యకి,

మీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. చెప్పకూడదు గానీ ఇక దాచలేను. ఆ రెండోవాడు నా బొమ్మ. ఈ ఆఫీసులో నన్ను పెట్టుకున్నదే వాడి కోసం. అన్నీ కుదిరిన హీరో ఉండగా వెంట ఇంకో తోక ఎందుకని పెద్ద సారు మొదటినుంచీ సణుగుతున్నారు. బయటివాళ్ళ ఉత్తరాలు చూసి, నెలాఖరు మీటింగులో వాణ్ణి ఉంచడమో తీసెయ్యడమో తేలుస్తారు. వాడు పోతే వాడి వెనకే నేనూ సంచీ సర్దుకోవాలి.

మీ మాట వృథా పోనివ్వలేదు. వాడికి రాసుకున్న అరవై మాటలూ కొట్టేశాను. ఇక జన్మలో నోరు విప్పడు. పాదాలు వెడల్పు చేశాను. గాలివాన వచ్చినా పడడు. కొత్త డిస్కు పంపుతున్నాను.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. ఆ అరవై మాటల్లో నలభై మీరు చిన్నప్పుడు నాకు చెప్పిన జోకులే. మీకే నచ్చలేదంటే ఇక ఏమనుకోవాలి.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

వాడు నీ బిడ్డలాంటివాడని ముందే తెలిస్తే కలం కాస్త ఆచితూచి నడిపేవాణ్ణి. మీ అత్త నాతో మాటలు మానేసింది. కాఫీ కూడా బల్ల మీద టక్కున పెట్టి వెళ్ళిపోతోంది.

కొత్త డిస్కు వేశాం. నీకు చెప్పక తప్పదు. వాడిలో వీసమెత్తు మార్పు లేదు. నిన్న కూడా మూడు ఉపన్యాసాలిచ్చి నాలుగుసార్లు పడ్డాడు. హీరోయే ఉన్నట్టుండి మౌనవ్రతం పట్టాడు. వాడికి చెయ్యాల్సిన వైద్యం పొరపాటున వీడికి చేశావేమో చూసుకో.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. హీరో చెమటోడ్చి వాణ్ణి పై అంతస్తుకి చేరుస్తాడు. చేరాక వాడు వెనక్కి తిరిగి హీరో వంక ఒక్కసారి కూడా చూడడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా పెయింటరు గారూ అంతే. నలభై ఏళ్ళలో ఒక్కనాడూ పైనుంచి కిందికి చూసిన పాపాన పోలేదు. మనిషి మంచివాడే, కానీ అది నాలో ఒక మూల ఉండిపోయింది.

ఇట్లు,
మామయ్య

తా.క. నీవాడిలో మంచి అసలే లేదని కాదు. జుట్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

*

పూజ్యులైన మామయ్యకి,

హీరో మౌనవ్రతం పట్టాడన్నారు. అతగాడు నోరు మూసుకునే ఘడియే లేదు మా గేములో. మీ చెవి మిషనులో బ్యాటరీ అయిపోయినట్టుంది. అత్తయ్యతో చెప్పి కొత్తది వేయించుకోండి.

ఇక ఆ జుట్టు మాట. నావాడిది నున్నటి గుండు మామయ్యా. ఉత్తరం పట్టుకుని పావుగంట ఆలోచించాను. గుండు బాగాలేదని నా మొహం మీద చెప్పలేక, జుట్టుంటే బాగుంటుందని మర్యాదగా సూచించారని అర్థమైంది. తల నిండా పెడితే ఎబ్బెట్టుగా ఉంది. నడినెత్తిన ఒక్క పిలక పెట్టాను. వాడు కంగారుపడితే అది వణుకుతుంది, సంతోషిస్తే నిటారుగా లేస్తుంది. మాటలు లేని లోటు కొంత తీరింది. ప్రతి అంతస్తులోనూ ఒక క్షణం ఆగి, హీరో వంక చూసి తల ఊపేలా కూడా చేశాను.

మీ ఉత్తరాలు రెండూ పెద్ద సారు చదివేశారు. "సొంత మామయ్యే వద్దంటున్నాడు కదమ్మా" అన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. శుక్రవారమే మీటింగు. ఈ చివరి డిస్కు చూసి ఒక్కటే రాయండి. రెండోవాడు ఉండాలా, పోవాలా? నేనేమైపోతానో ఆలోచించకండి.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. నిజమే రాయండి. నన్ను చూసి అబద్ధం రాస్తే మీ దస్తూరీ వంకరపోతుంది, నేను పట్టేస్తాను.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

రాత్రంతా ఎటూ తేలక, తెల్లవారాక కలం పట్టాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఆ రెండోవాణ్ణి తీసెయ్యండి. హీరో ఒక్కడే చాలు. వాడి కొత్త పిలక చూసి మీ అత్త అలక మరిచిపోయి నవ్వింది. అంతస్తు అంతస్తులో తల ఊపుతుంటే, ఇన్నేళ్ళకి నన్నెవరో పలకరించినట్టు కళ్ళు చెమర్చాయి. అలాంటివాడు అలిసిపోతుంటే చూడలేకపోతున్నాను. నువ్వు నన్ను తిట్టుకున్నా సరే.

ఇట్లు,
మామయ్య

తా.క. చెవి బ్యాటరీ నిక్షేపంగా ఉంది, నువ్వే ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీవాడిది గుండని రాశావు. గుండు, పిలక, నిచ్చెన హీరోవి. భుజాల దాకా జుట్టు, చేతిలో కత్తి నీవాడివి. ఆ నిచ్చెనకి పైన ఒక మెట్టు తక్కువైంది, అది వేయించు.

*

పూజ్యులైన మామయ్యకి,

కళ్ళు తుడుచుకుంటూ రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే ఏమీ అనుకోకండి. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు ఇవి.

మీటింగులో మీ ఉత్తరం పెద్ద సారే పైకి చదివారు. "తీసెయ్యండి" దగ్గరికి రాగానే కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక జాలిగా చూశారు. నేను బల్ల మీది పెన్సిళ్ళు సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాను. అప్పుడాయన కాగితం తిప్పి తా.క. చదివారు. ఆయన దాన్ని మళ్ళీ చదివారు, ఈసారి లోపల్లోపల.

మామయ్యా, మా లెక్కలో కత్తి పట్టుకున్న పొడుగాయనే హీరో. నిచ్చెన మోసే పొట్టివాడు నా బొమ్మ, అతని తోక. మీరు రెండో రిమోటు తీసుకుని వాణ్ణే హీరో అనుకున్నారు. నలభై ఏళ్ళు నిచ్చెన పట్టుకున్న మనిషికి నిచ్చెన ఉన్నవాడు కాక ఇంకెవరు కనిపిస్తారు? ఆ మాత్రం నాకు తట్టకపోవడమే వింత. నేను వాణ్ణి గీసిందే మిమ్మల్ని చూసి. బడి నుంచి వస్తూ వీధి మలుపులో ఆగేదాన్ని, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని పైకి చూస్తూ నిలబడి ఉండేవాళ్ళు మీరు.

కత్తివాణ్ణి మీరు తిట్టిన తిట్లన్నిటికీ నావాడికి వైద్యం చేశాను. తీరా చూస్తే ఆ వైద్యమే వాణ్ణి మనిషిని చేసింది. మాట్లాడడు, పడడు, ఆగి చూస్తాడు, పిలక వణికిస్తాడు. తక్కిన ఉత్తరాలు బయటికి తీస్తే ఇరవైలో పదిహేడు వాణ్ణి మెచ్చుకున్నవే. పెద్ద సారు పెట్టె మీద ముందు వాడి బొమ్మ వెయ్యమన్నారు. నా కుర్చీ నాకే ఉంది.

వాడికి బుంగ అని పేరు పెట్టాం. పొడుగాయన వజ్రసేనుడు.

ఇట్లు,
గెలిచిన మేనకోడలు

తా.క. పిలక ఎవరి ఆలోచన అని పెద్ద సారు అడిగారు. మా మామయ్య మర్యాద అన్నాను.

*

(ఏడేళ్ళ తర్వాత)

పూజ్యులైన మామయ్యకి,

బుంగ ఐదో గేమూ వచ్చేసింది. బడి సంచుల మీద వాడే, దిండు గలీబుల మీద వాడే. అన్నదమ్ములు రెండో రిమోటు కోసం కొట్టుకుంటున్నారని తల్లులు రాస్తున్నారు. తమ కొట్టుకి వచ్చిన ప్రతి పిల్లాడూ నడినెత్తిన ఒక్క పిలక ఉంచి తక్కినది గీసెయ్యమంటున్నాడని మంగలివాళ్ళు మొత్తుకుంటున్నారట. పెద్ద సారు బుంగని మొదటి రోజే గుర్తుపట్టానని అందరికీ చెబుతున్నారు. నేను కాదనడం లేదు.

రెండు విషయాలు. మొదటి రిమోటు ఎవరూ ముట్టుకోవడం లేదు కాబట్టి, ఆరో గేములో వజ్రసేనుణ్ణి తీసేద్దామంటున్నారు. మీ పాత కోరిక తీరబోతోంది. చివరి మాట మీదేనని చెప్పాను. రెండోది, మీ వీధి చివర బొమ్మల కొట్టు గోడ మీద మూడంతస్తుల ఎత్తున బుంగ బొమ్మ వెయ్యాలి. చేత్తోనే గీయించాలని నా పట్టు. పెయింటరు గారిని అడుగుతారా?

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. నిచ్చెన మీరే పట్టుకోవాలి. వయసైందని తప్పించుకోవద్దు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

బొమ్మ పూర్తయింది. వీధి వీధంతా వచ్చి చూస్తోంది.

అడగ్గానే పెయింటరు గారు వచ్చారు గానీ, ఆయన కుడి భుజం ఇప్పుడు చెవి దాటి లేవడం లేదు. గోడ వంక చూసి, "ఈ బుంగని నాకంటే ఎరిగినవాడివి నువ్వు. ఎక్కు. నేను పట్టుకుంటా" అన్నారు. నేను నవ్వులాటకనుకున్నాను. ఆయన అప్పటికే నిచ్చెన పట్టేసుకున్నారు.

ఎక్కాను కోడలు పిల్లా. నలభై ఏళ్ళు కింద నిలబడినవాణ్ణి, ఐదు రోజులు పైన నిలబడ్డాను. రంగులు కలిపినవాడికి రంగు వెయ్యడం అంత కొత్తేమీ కాదని తెలిసింది. చివరి రోజు పిలక దిద్ది దిగాక, ఎప్పటినుంచో గొంతులో ఉన్నది అడిగేశాను. "అన్నేళ్ళలో మీరు ఒక్కసారీ కిందికి ఎందుకు చూడలేదండీ?"

ఆయన నిచ్చెన వదలకుండానే చెప్పారు. "చూస్తే కళ్ళు తిరిగి పడతాను. నాకు ఎత్తంటే భయం. నువ్వున్నావు కాబట్టి చూడక్కర్లేకపోయింది."

నేనూ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా కిందికి చూడలేదని అప్పుడు తట్టింది. పడిపోతానన్న భయంతో గోడని తప్ప దేన్నీ చూడలేకపోయాను. ఇన్నేళ్ళ ఉక్రోషం అక్కడే, ఆ రంగు డబ్బాల మధ్యే దిగిపోయింది. కాబట్టి పెద్ద సారుతో నా మాటగా చెప్పు. ఆ కత్తివాణ్ణి తీసెయ్యొద్దు. వాడిది పొగరు కాదు, భయం. భయపడి భయపడి వాగుతాడు, పడతాడు. వాడు లేకపోతే బుంగ ఎవరికోసం నిచ్చెన పట్టుకుంటాడు?

ఇట్లు,
మామయ్య

తా.క. వాడు పడేది భయంతో కాదని, మీ మామయ్య నిచ్చెన వంకరగా పెట్టడం వల్లేనని రాయమని మీ అత్త పక్కనే కూర్చుంది. రాశాను.

ఇంకో తా.క. గోడ మూల చిత్రకారుడి సంతకం ఉండాలని పెయింటరు గారు పట్టుబట్టారు. జీవితంలో మొదటిసారి నా పేరు గోడకెక్కింది. దాని పక్కనే, అంతే సైజు అక్షరాలతో, నిచ్చెన పట్టినది పెయింటరు గారు అని రాశాను. దస్తూరీ ఎక్కడా వంకర పోలేదు, కావాలంటే వచ్చి చూసుకో.